రైతుకు డబ్బు ఎప్పుడు రాదో ముందు చెప్పండి

వ్యవసాయ కళాశాలలో ఆర్థికశాస్త్రం చెప్పి రిటైరైనవాణ్ణి. ఉద్యోగం ఎక్కువ భాగం రాయలసీమలోనే గడిచింది కాబట్టి నా ఉదాహరణలన్నీ వేరుశనగ చుట్టూనే తిరుగుతాయి. డెల్టా వాళ్లు కాస్త సర్దుకోవాలి. సాగులో రిస్కు, పంటల బీమా అనే రెండు అంశాలూ సిలబస్‌లో పక్కపక్కనే ఉంటాయి. రెండు పీరియడ్లలో ముగించేయొచ్చని కొత్తగా చేరిన అధ్యాపకులు అనుకుంటారు. నిర్వచనాలు చెప్పి వదిలేస్తే ముగుస్తాయి కూడా. కానీ ఈ పిల్లలే ఆఖరి ఏడాది రావెప్ (గ్రామీణ వ్యవసాయ పని అనుభవ కార్యక్రమం) కింద పల్లెల్లో రైతుల మధ్య ఉంటారు. ఆ తర్వాత కొందరు మండల వ్యవసాయాధికారులవుతారు, కొందరు బ్యాంకుల్లో కూర్చుని పంట రుణాలిస్తారు. ఆనాడు వాళ్లు చెప్పే మాట పట్టుకుని ఒక కుటుంబం ఏడాది ఖర్చు నిర్ణయించుకుంటుంది. ఈ సబ్జెక్టు ఇకమీద చెప్పబోయేవాళ్లు అడిగారని నాకు తోచినవి రాస్తున్నాను. అంకెలు వేశానని అన్నీ సమానమనుకోవద్దు. నాలుగోది బాగా చెప్పగలిగితే మిగతావి కాస్త అటూ ఇటూ అయినా ఫర్వాలేదు.

1. సగటుతో మొదలుపెట్టొద్దు

అనంతపురం సగటు వర్షపాతం ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్లని పుస్తకంలో ఉంటుంది. ఆ అంకె రాసుకోగానే పిల్లవాడు పెన్ను మూసేస్తాడు. రైతుకు ఆ అంకెతో పని లేదు. పదును వాన ఏ కార్తెలో పడింది, ఊడలు దిగే వేళకు మళ్లీ పడిందా, పీకేటప్పుడు నేల మెత్తగా ఉందా, ఇవీ ఆయన చూసుకునేవి. జూన్‌లో మురిపించి, ఆగస్టు నెలంతా ముఖం చాటేసి, సెప్టెంబరు ఆఖర్న ఒక్కసారిగా కుమ్మరించిన ఏడు కూడా లెక్కల్లో 550 చూపించగలదు. ఆ ఏడు చేలో కట్టె ఉంటుంది, కాయ ఉండదు.

అందుకే నేను తరగతిలో ఒక మండలం రోజువారీ వాన లెక్క పంచేవాణ్ణి. అది ఏ సంవత్సరమో చెప్పేవాణ్ణి కాదు. జూన్ ఒకటి నుంచి వారం వారం కాగితం కిందికి జరుపుతూ, “ఇప్పుడు విత్తుతారా, ఆగుతారా?” అని అడగాలి. వేరుశనగకు ఎకరాకు 60 కిలోల దాకా విత్తనం పోతుంది, మెట్ట సాగులో పెద్ద ఖర్చు అదే. తొలి వానకే విత్తి అది ఎండిపోతే రెండోసారి విత్తడానికి ఇంట్లో గింజ ఉండదు. ఆగితే జూలై దాటిపోయి దిగుబడి పడిపోవచ్చు. తొందరపడిన బెంచీకి, ఆగిన బెంచీకి కాసేపట్లో గొడవ మొదలవుతుంది. గొడవ బాగా ముదిరాక బోర్డు మీద ‘రిస్కు’ అని రాయండి. అప్పటిదాకా ఆ మాట ఎత్తొద్దు.

2. ముప్పు వాన ఒక్కటే కాదు

2000 ఖరీఫ్‌లో అనంతపురం వేరుశనగను దెబ్బతీసింది కరువు కాదు, కాండాన్ని మాడ్చేసే ఒక వైరస్ తెగులు. శాస్త్రవేత్తలు వెతికితే ఆ వైరస్‌కు నిలయం గట్ల మీద, బీళ్లలో పెరిగే వయ్యారిభామ అని తేలింది. దాని పుప్పొడిలో వైరస్ ఉంటుంది, తామర పురుగులు దాన్ని చేలోకి మోస్తాయి. పూతకు రాకముందే ఆ కలుపు పీకేయడం, చేను చుట్టూ నాలుగు సాళ్లు జొన్నో సజ్జో వేయడం, ఇవీ అప్పుడు చెప్పిన ఉపాయాలు. ఖర్చు చాలా తక్కువ. అయితే ఊరంతా కలిసి చేయాలి, అదే కష్టం. కొన్ని ముప్పులకు జవాబు పాలసీలో కాక పక్క చేను రైతుతో మాట్లాడుకోవడంలో ఉంటుందని చెప్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు దొరకలేదు.

ఇక ధర. మదనపల్లె మార్కెట్లో టమాటా ఒక నెల బంగారం, మరో నెల పారబోత. దిగుబడి బాగుండి ధర పడిపోతే పంటల బీమా పైసా ఇవ్వదు. రాయలసీమలో కుటుంబాలను అప్పుల్లోకి దించిన వాటిలో నీళ్లు పడని బోర్లు ముందు వరసలో ఉంటాయి, వాటికీ పంటల బీమాలో చోటు లేదు. ఇంట్లో జబ్బు సంగతి చెప్పనక్కర్లేదు. పల్లెకు వెళ్లిన విద్యార్థులను “మీ ఇంట్లో పెద్ద అప్పు ఎందుకు చేశారు?” అన్న ఒక్క ప్రశ్నే అడిగి రమ్మనండి. తెచ్చిన జవాబుల్లో పంటల బీమా పరిధిలోకి వచ్చేవి ఎన్నో వాళ్లే లెక్కపెట్టుకుంటారు.

3. రైతు ఇంట్లో ఉన్న ఏర్పాట్లు ముందు చూడండి

వేరుశనగలో కంది సాళ్లు ఎందుకు వేస్తారో చాలామంది పిల్లలకు తెలియదు, వ్యవసాయ కుటుంబాల నుంచి వచ్చినవాళ్లకు కూడా. వేరుశనగ బెట్టకు పోయినా సెప్టెంబరు, అక్టోబరు వానలకు కంది తేరుకుంటుంది. ఒకే చేలో రెండు కాలాల మీద నమ్మకం పెట్టుకోవడమన్నమాట. అదను దాటితే ఉలవలు చల్లడం, ఇంట్లో నాలుగు గొర్రెలుండటం, పంట పోయిన ఏడు కొడుకూ కోడలూ బెంగళూరులో భవన నిర్మాణ పనికి పోవడం, అన్నీ ఆ కోవలోవే. హైదరాబాదులోని క్రీడా సంస్థ (మెట్ట వ్యవసాయ పరిశోధన సంస్థ, ఆటలది కాదు) జిల్లాలవారీగా ప్రత్యామ్నాయ ప్రణాళికలు తయారుచేసింది. ఏ తేదీ దాకా వాన రాకపోతే ఏ పంటకు మారాలో వాటిలో ఉంటుంది. పిల్లలతో అవి చదివించండి. చదివాక అదే ఊళ్లో ఒక పెద్దావిడ దగ్గర కూర్చోబెట్టండి. సగం విషయాలు ఆవిడ కాగితం లేకుండానే చెబుతుంది. మిగతా సగంలో ఆవిడకూ ప్రణాళికకూ ఎక్కడ తేడా వచ్చిందో రాసుకుని రావడమే అసలు పని.

మగవాళ్లను అడిగితే పంట లెక్క చెబుతారు. గొర్రెను ఎప్పుడు అమ్మారు, ఎంతకు అమ్మారు, ఆ డబ్బు ఎటు పోయింది అన్నది ఆడవాళ్లకే తెలుస్తుంది. ఈ సంగతి సర్వే ఫారాలు తయారుచేసేవాళ్లు ఇప్పటికీ పట్టించుకోవడం లేదు.

4. బీమా మీ చేను చూడదు, ఊరును చూస్తుంది

ఇక్కడ ఆగండి. దీనికి వారం పట్టినా పట్టనివ్వండి.

ముందు చరిత్ర కొంచెం. మన దేశంలో 1972లో గుజరాత్‌లో హెచ్-4 పత్తికి ప్రయోగాత్మకంగా బీమా పెట్టారు. ఏ రైతు నష్టం ఆ రైతుకే లెక్కగట్టారు. తర్వాత మరికొన్ని పంటలకు, ఆంధ్రప్రదేశ్‌తో సహా మరికొన్ని రాష్ట్రాలకు విస్తరించి 1978 దాకా నడిపారు. మొత్తం మీద 3,110 మంది రైతులు చేరారు. వసూలైన ప్రీమియం 4.54 లక్షల రూపాయలైతే, చెల్లించిన పరిహారం 37.88 లక్షలు. ప్రతి చేనుకూ వెళ్లి చూడటం కుదిరే పని కాదని, చూసినా లెక్క నిలవదని తేలిపోయింది. అప్పుడు ఆర్థికవేత్త వి.ఎం. దండేకర్ చెప్పిన ప్రకారం ప్రాంతం మొత్తానికి ఒకే లెక్క అనే పద్ధతితో 1979లో ప్రయోగ పథకం వచ్చింది. 1985 నాటి సమగ్ర పంటల బీమా, 1999 రబీలో మొదలైన జాతీయ వ్యవసాయ బీమా, 2016 ఖరీఫ్ నుంచి కేంద్ర పథకం ఫసల్ బీమా, అన్నిటికీ వెన్నెముక అదే. జిల్లాలో ప్రధాన పంటకు గ్రామం యూనిట్‌గా ఉంటుంది. మిగతా పంటలకు మండలం కావచ్చు, ఇంకా పెద్దదీ కావచ్చు.

లెక్క బోర్డు మీద చేయించండి. అంకెలు తరగతి కోసం నేను కల్పించినవి. ఒక గ్రామంలో గత ఏడేళ్ల వేరుశనగ దిగుబడి, హెక్టారుకు కిలోల్లో: 1050, 420, 900, 260, 780, 1100, 670. ఇందులో మెరుగైన ఐదేళ్లు తీసుకోవాలి. 420, 260 పోతాయి. మిగిలిన ఐదింటి మొత్తం 4,500, సగటు 900. ఆ పంటకు ప్రకటించిన హామీ స్థాయి 80 శాతమైతే హామీ దిగుబడి 720 కిలోలు. ఈ ఏడు పంట కోత ప్రయోగాల్లో గ్రామం సగటు 540 వచ్చిందనుకోండి. తగ్గింది 180 కిలోలు, అంటే 720లో నాలుగో వంతు. బీమా మొత్తం హెక్టారుకు 60,000 రూపాయలైతే పరిహారం 15,000.

ఇంతవరకు ఎవరైనా చేస్తారు. ఇప్పుడు చీటీలు పంచండి. ఒక చీటీలో ‘నీ చేలో 200 కిలోలు’, మరో దాంట్లో ‘బోరు నీళ్లు పెట్టావు, 1,200 కిలోలు’, ఇంకో దాంట్లో ‘అడవి పందులు పడ్డాయి, 90’. ఎవరికి ఎంత వస్తుందని అడగండి. బీమా కట్టిన అందరికీ హెక్టారుకు అదే 15,000. బోరున్నవాడికీ అంతే. సరే, గ్రామం సగటు 540 కాకుండా 730 వచ్చిందనుకుందాం. అప్పుడు, అడవి జంతువుల నష్టాన్ని విడిగా చూడని నిబంధనల్లో, 90 కిలోల చీటీ పట్టుకున్న అమ్మాయికీ సున్నా. ఆ అమ్మాయి ముఖం చూడండి. రేపు ఆమె అధికారి అయ్యాక ఎదురుగా నిలబడే రైతు ముఖం అచ్చం అలాగే ఉంటుంది.

ఇంకో మెలిక ఉంది, దీన్ని తెలివైన పిల్లలు వాళ్లంతట వాళ్లే పట్టుకుంటారు. వరసగా కరువులొస్తే ఏమవుతుంది? రెండు చెడ్డ ఏళ్లు తీసేస్తాం సరే, ఏడింటిలో నాలుగు చెడ్డవైతే? మిగిలిన ఐదింటిలోనూ రెండు చెడ్డవే ఉంటాయి. సగటు దిగుతుంది, హామీ దిగుబడి దిగుతుంది. అంటే కరువు ఎక్కువగా ఉన్న ఊరికే రక్షణ తక్కువ. ఈ మాట మీరు చెప్పకండి, అంకెలు మార్చి లెక్క చేయనివ్వండి.

పంట కోత ప్రయోగం కూడా చేయించాలి. కాలేజీ ఫారం వరిమడిలోనే ఐదు మీటర్లు ఇటు, ఐదు మీటర్లు అటు తాడు కట్టి, యాదృచ్ఛిక అంకెల ప్రకారం మూల గుర్తించి, కోసి, నూర్చి, తూకం వేసి, తేమ చూసి రాయాలి. గ్రామ పంచాయతీ యూనిట్ అయితే ప్రధాన పంటకు కనీసం ఇలాంటివి నాలుగు చేయాలి. ఊరి మొత్తానికి ఆ నాలుగు మచ్చలే సాక్ష్యం. ఇద్దరు పిల్లలను రైతులుగా నియమించి, “పంట పలచగా ఉన్న చోటుకే తాడు జరిగేలా చూడండి” అని రహస్యంగా చెప్పండి. ఇంకొకరిని బీమా కంపెనీ మనిషిగా పెట్టి, దట్టంగా ఉన్న చోటికి లాగమనండి. అరగంటలో వాళ్లకు అర్థమయ్యేది ఏ పుస్తకంలోనూ లేదు.

5. వానమాపకం ఎక్కడుంది?

వాన లెక్కతో బీమా ఇవ్వాలన్న ఆలోచన విదేశాల నుంచి వచ్చిందని పిల్లలు అనుకుంటారు. మైసూరు సంస్థానంలో జె.ఎస్. చక్రవర్తి అనే ఆయన దాన్ని 1915లోనే ప్రతిపాదించారు, 1920లో పుస్తకంగా వేశారు. చాలా దశాబ్దాల పాటు దాన్ని ఎవరూ అందుకోలేదు. చివరికి 2003లో మహబూబ్‌నగర్ జిల్లాలో వేరుశనగ, ఆముదం రైతులతో మొదలైంది. తర్వాత ప్రభుత్వ పథకాల్లోకీ వచ్చి, రాయలసీమ వేరుశనగకూ కొన్నేళ్లు నడిచింది.

ఇందులో కోతలుండవు, తూకాలుండవు, తాడు గొడవ అసలే ఉండదు. వానమాపకం చెప్పిందే వేదం. ఊరి రోడ్డుకు అటు పక్క దంచికొట్టి ఇటు పక్క చినుకు పడని నేలలో, మాపకం ఏ పక్క ఉందన్నదే ప్రశ్న. పిల్లలు ఉంటున్న పల్లెల్లో తలా ఒక మామూలు మాపకం పెట్టించి, మండల కేంద్రం లెక్కతో పోల్చమనండి. ఆ తేడా వాళ్ల నోట్‌బుక్కులో ఉండాలి. వాతావరణ బీమా మంచిదా చెడ్డదా అని వాదన పెట్టకండి, టైము దండగ.

6. తేదీలు నోటికి రావాలి

నేను బట్టీకి వ్యతిరేకిని. ఈ ఒక్క చోట మాత్రం బట్టీ పట్టించండి.

వడగళ్లలాంటివి ఒక చేనును మాత్రమే కొడితే, అప్పుడు ఊరు లెక్క కాకుండా చేను లెక్కే తీసుకుంటారు. కానీ 72 గంటల్లోపు తెలియజేయాలి. 14447కి ఫోన్ చేయొచ్చు, యాప్‌లో పెట్టొచ్చు, బ్యాంకులోనో వ్యవసాయ శాఖలోనో చెప్పొచ్చు. మూడు రోజులంటే ఎక్కువే అనిపిస్తుంది. కరెంటు పోయి, సెల్ టవర్ పడిపోయి, ఇంట్లోకి నీళ్లొచ్చిన మూడు రోజులవి.

కోసి పొలంలో ఆరబెట్టిన పంటకు కోసిన నాటి నుంచి 14 రోజుల దాకా తుపాను, అకాల వర్షాల నష్టానికి రక్షణ ఉంటుంది. 2023 డిసెంబరులో మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటిన వేళకు డెల్టాలో వరికోతలు సాగుతున్నాయి. పొలంలో పనల మీదున్న వరికి ఒక దారి, నూర్చి రోడ్డు మీద ఆరబోసిన ధాన్యానికి ఇంకో దారి. రెండోది ఈ రక్షణలోకి రాదు. ఒకే రైతు, ఒకే వాన, రెండు లెక్కలు. ఇది ముందు తెలిస్తే, తుపాను హెచ్చరిక వచ్చినప్పుడు కోయాలా ఆగాలా, కోసింది ఎటు తీయాలా అన్న ఆలోచన వేరుగా ఉంటుంది.

వాన రాక ఊళ్లో సాగు నేలలో నాలుగింట మూడొంతులకు పైగా విత్తలేకపోతే బీమా మొత్తంలో 25 శాతం ఇస్తారు. అయితే దాంతో ఆ పంటకు పాలసీ ముగిసిపోతుంది. ఈ రెండో వాక్యం చెప్పకుండా మొదటిది చెప్పేవాళ్లు చాలామంది.

7. చేలో ఉన్నదెవరు, కాగితంలో ఉన్నదెవరు

గోదావరి జిల్లాల పిల్లలు తరగతిలో ఉంటే ఈ పాఠం దానంతటదే వేడెక్కుతుంది. అక్కడ చాలా పొలాలు కౌలువే. విత్తనం, ఎరువు, కూలి అన్నీ కౌలుదారువి. పాస్‌పుస్తకం, పంట రుణం భూయజమానివి. రుణం తీసుకున్నవారికి బీమా తప్పనిసరిగా ఉన్న రోజుల్లో ప్రీమియం యజమాని ఖాతాలోంచి కోసుకునేవారు, పరిహారం వస్తే అదే ఖాతాలో పడేది. 2020 ఖరీఫ్ నుంచి రుణం తీసుకున్నవాళ్లకు కూడా ఇష్టముంటేనే బీమా. దాంతో కౌలుదారు కష్టం తీరిపోలేదు. 2011లో కౌలుదారులకు రుణ అర్హత కార్డుల చట్టం వచ్చింది. దాని స్థానంలో 2019లో ఆంధ్రప్రదేశ్ తెచ్చిన పంట సాగుదారు హక్కుల చట్టంలో పదకొండు నెలల ఒప్పందానికి యజమాని ఒప్పుకుని సంతకం పెట్టాలి. పెడితే భూమి పోతుందేమోనని యజమాని భయం. అడిగితే వచ్చే ఏడు కౌలుకు ఇవ్వడేమోనని కౌలుదారు భయం.

ఏ చేలో ఎవరు ఏ పంట వేశారో ప్రభుత్వం రాసుకునే ఈ-పంట నమోదులో పేరు ఎవరిదన్నది అందుకే అన్నిటికంటే ముందు చూడాల్సిన సంగతి. సర్వే నంబరు, పంట పేరు, విస్తీర్ణం, సాగుదారు పేరు, ఈ నాలుగూ సరిచూసే అలవాటు పిల్లలకు చేయించండి. ఇంకో జాగ్రత్త. తరగతిలో భూయజమానుల పిల్లలు, కౌలుదారుల పిల్లలు ఒకే బెంచీ మీద కూర్చుంటారు. ఎవరి తండ్రినీ దొంగను చేయకుండా చెప్పాలి. నేను పాత్రలు తారుమారు చేసేవాణ్ణి, యజమాని ఇంటి పిల్లవాడితో కౌలుదారు మాటలు చెప్పించేవాణ్ణి. కొందరు బాగా చెప్పేవారు, కొందరు మొండికేసేవారు.

8. పథకం పేరు కాదు, పని తీరు

నోట్సులో పథకాల పేర్లు వరసగా రాయించే గురువులను చూశాను. ఆ నోట్సు ఎంతకాలం పనికొస్తుంది? ఆంధ్రప్రదేశ్‌లో 2019లో రైతు వాటా లేకుండా ఉచిత బీమా అన్నారు. 2020లో కేంద్ర పథకం నుంచి బయటికి వచ్చారు, 2022 ఖరీఫ్‌లో మళ్లీ చేరారు, 2024-25 రబీ నుంచి ఇష్టమున్న రైతు తన వాటా కట్టే పద్ధతి తెచ్చారు. తెలంగాణ 2020లో బయటికి పోయింది, మళ్లీ చేరాలన్న నిర్ణయం 2024లో చెప్పింది. వరి ముంపును చేను స్థాయి నష్టంగా చూసే నిబంధన 2018లో తీసేశారు. 2026 ఖరీఫ్ నుంచి దాన్ని తిరిగి చేరుస్తున్నట్టు, అడవి జంతువుల నష్టాన్నీ కలుపుతున్నట్టు కేంద్రం ప్రకటించింది. పందుల బెడద తెలిసిన సీమ రైతు ఆ వార్త రెండుసార్లు చదువుకుని ఉంటాడు.

ఇన్ని మారినా మారని ప్రశ్నలు కొన్నే. నష్టం కొలిచేది చేనులోనా, ఊళ్లోనా, మాపకంలోనా? ప్రీమియం ఎవరెవరు ఎంత కడతారు? వాళ్లలో ఒకరు ఆలస్యం చేస్తే డబ్బు ఎక్కడ ఆగుతుంది? రైతు చివరి తేదీ ఏది? కొత్త పథకం చేతికి రాగానే పిల్లవాడు వీటికి జవాబులు వెతకగలిగితే చాలు.

మరో సంగతి, తెలంగాణ పిల్లల కోసం. 2018 ఆగస్టు 15న మొదలైన రైతు బీమా జీవిత బీమా. 18 నుంచి 59 ఏళ్ల మధ్య పట్టాదారు రైతు ఏ కారణంతో చనిపోయినా నామినీకి 5 లక్షలు. పంట పోతే దానికి సంబంధం లేదు. పేర్ల పోలికతో పరీక్షల్లోనే కాదు, ఊళ్లలోనూ గందరగోళం ఉంది.

9. “పోయినేడు కట్టింటి, ఒక్క రూపాయి పళ్లా”

పల్లెకు వెళ్లిన ప్రతి విద్యార్థికీ మొదటి రోజే ఎదురయ్యే మాట ఇది. పిల్లలు రెండు రకాలుగా తడబడతారు. కొందరు ప్రభుత్వం తరఫున వకాల్తా పుచ్చుకుంటారు. కొందరు “నిజమే పెద్దాయనా, అంతా మోసం” అనేసి మంచివాళ్లనిపించుకుంటారు. రెండూ పనికిరావు.

ఎందుకు పడలేదో తెలుసుకోవాలి. ఊరి సగటు హామీ దిగుబడి కంటే పైన ఉండి ఉండొచ్చు, అప్పుడు రావాల్సిందే లేదు. ఆయన వేసింది వేరుశనగ, నమోదైంది కంది కావచ్చు. సర్వే నంబరులో ఒక అంకె తప్పి ఉండొచ్చు. లెక్క తేలినా ప్రభుత్వ వాటా కంపెనీకి చేరక ఆగి ఉండొచ్చు. డబ్బు విడుదలయ్యాక ఆధార్ లింకున్న ఖాతా చెల్లక వెనక్కి పోయి ఉండొచ్చు. ఒక్కోదానికి పోవాల్సిన గడప వేరు. మొదటి కారణానికి ఏ గడపకూ పోనక్కర్లేదు, ఆయన్ను పదిసార్లు తిప్పకుండా ఆ మాట అక్కడే చెప్పేయాలి. రైతులు ఈ మాట విని కోపగించుకుంటారని పిల్లలు భయపడతారు. నేను చూసినంతలో, జూన్‌లో చెప్పినవాళ్ల మీద నవంబరులో కోపం రాలేదు. అన్నీ వస్తాయని జూన్‌లో ఊరించినవాళ్లను మాత్రం మళ్లీ ఊళ్లోకి రానివ్వలేదు.

కట్టిన డబ్బు తిరిగి వచ్చే పొదుపులాగా బీమాను ఎవరు వర్ణించినా తరగతిలోనే ఆపండి. ఖరీఫ్‌లో నూనెగింజలకు, ధాన్యాలకు రైతు వాటా బీమా మొత్తంలో 2 శాతం మించదు, రబీలో ఒకటిన్నర, వాణిజ్య, ఉద్యాన పంటలకు 5. పైన నేను చేసిన లెక్కలో 60,000కు 1,200 రూపాయలు. కరువు జిల్లాల్లో అసలు ప్రీమియం రేటు దీనికి ఎన్నో రెట్లు ఉంటుంది, మిగతాది కేంద్రం, రాష్ట్రం భరిస్తాయి. ఆ 1,200 ఇస్తే ఏం దొరుకుతుందో, ఏం దొరకదో చెప్పి వదిలేయాలి. కట్టాలా వద్దా అన్నది ఆయన ఇష్టం.

10. పరీక్షలో ఏం అడగాలి

‘పంటల బీమా ఆవశ్యకతను వివరింపుము’ అనే ప్రశ్నను దయచేసి ఇవ్వకండి. నేను ఒక కుటుంబం లెక్క ఒక పేజీలో ఇచ్చేవాణ్ణి. మూడెకరాల మెట్ట సొంతం, రెండెకరాలు కౌలు. నీళ్లు తగ్గిపోతున్న బోరు. నూటికి రెండు రూపాయల వడ్డీకి బయటి అప్పు. జూలైలో కూతురి పాలిటెక్నిక్ ఫీజు. గొర్రెలు కొన్ని. ఊరి ఏడేళ్ల దిగుబడి. జూన్ మొదటి వారంలో చేతిలో ఇరవై వేలు. ఈ డబ్బు ఎలా సర్దుతావు? ప్రీమియానికా, కంది విత్తనానికా, రెండోసారి విత్తాల్సి వస్తే చేతిలో ఉంచుకోవడానికా, అప్పు తగ్గించడానికా? అన్నీ చేయలేవు. ఆగస్టులో బెట్ట వస్తే నీ లెక్క ఏమవుతుంది, నవంబరులో ధర పడిపోతే ఏమవుతుంది?

ఒకడు ఫీజు ముందు కట్టి, మిగిలిన దాంట్లోంచి సొంత భూమికే బీమా చేసి, కౌలు చేను తన పేరున నమోదు కాదు కాబట్టి అందులో కంది ఎక్కువ వేస్తానన్నాడు. మరో అమ్మాయి హామీ దిగుబడి లెక్కగట్టి, అది ఆ కుటుంబం మామూలు దిగుబడి కంటే బాగా కింద ఉందని చూపించి, ఈ ఏడు ప్రీమియం కట్టనని రాసింది. ఆ డబ్బుకు ఇంకో పని కూడా చూపించింది. ఇద్దరికీ నిండు మార్కులు వేశాను. ‘బీమా రైతుకు రక్షణ కవచం వంటిది’ అని మొదలెట్టి మూడు పేజీలు నింపి, ఇరవై వేలలో ఒక్క రూపాయి కూడా కదిలించని జవాబుకు వేయలేదు. ఇలాంటి పేపర్లు దిద్దడానికి మామూలు కంటే చాలా ఎక్కువ సమయం పడుతుంది, ఒకే కీ పట్టుకుని దిద్దలేరు. ఫలితాలు ఆలస్యమయ్యాయని పరీక్షల విభాగం నుంచి ఫోన్లు వస్తాయి. ఆ ఫోన్లకు జవాబు మీరే సిద్ధం చేసుకోవాలి.